సుఖ్‌చర్ ఇటుక గోపురమూ, మన గుత్తి కొండా

వాన వెలిసి గాలి తేటపడిన ఉదయాన కణేకల్లు చెరువు కట్ట మీద నిలబడి చూస్తే నైరుతి దిక్కున రాయదుర్గం కొండ, ఉత్తరాన కొంచెం పడమరగా బళ్లారి కొండ కనిపిస్తాయి. గీత గీచినట్లు కొలిస్తే రెండూ మనకు ఇరవై మైళ్ల లోపే. మన రైతులు ఆ కొండల మీద మబ్బు పట్టడం చూచి వాన జాడ చెప్పుకుంటారు. బాటసారులు దారి గుర్తు పెట్టుకుంటారు. రెండు వందల ఏండ్ల క్రిందట కొందరు మనుష్యులు మన సీమ కొండలను మరొక పనికి వాడుకున్నారు. ఒక కొండ నెత్తిన నిలిచి మరొక కొండ నెత్తిన పాతిన జెండాను చూచి, ఆ రెంటి నడుమ గల దూరాన్ని నేల మీద అడుగు పెట్టకుండానే లెక్కగట్టారు. ఆ పని మద్రాసు వద్ద మొదలై, మన గుత్తి మీదుగా పోయి, గోదావరి దాటి, హిమాలయముల దాకా సాగింది. కొండలు లేని బెంగాలు పల్లపు సీమకు చేరినప్పుడు మాత్రం ఆ దొరలకు నిలువ చోటు దొరకలేదు. కొండలకు బదులు ఇటుకలతో గోపురాలు కట్టుకున్నారు. అటువంటివి రెండు కలకత్తా నగరపు ఉత్తర శివారులో నేటికీ నిలిచి ఉన్నవి.

శతవార్షిక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావలెనని సంపాదకవర్గము వారు కోరినప్పుడు, సంఘముల చరిత్ర, బడుల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర మాకంటె పెద్దలు వ్రాస్తున్నారు గనుక, మేము ఈ గోపురముల సంగతి ఎత్తుకున్నాము. బెంగాలు గోపురాలకూ మన అధ్యక్ష మండలానికీ ఏమి పొత్తు అని చదువరులు అడగవచ్చును. పొత్తు కలదు. గుత్తి కొండ లేనిదే ఆ గోపురాల కథ సగం కథే.

ముందుగా ఆ కొలత విధానము కొంచెం చెప్పుకుందాము. హైస్కూలులో రేఖాగణితము చదివిన వారికి ఇది కొత్త కాదు. ఒక త్రిభుజములో ఒక భుజము పొడుగు, దాని రెండు కొసల వద్ద గల కోణములు తెలిస్తే, తక్కిన రెండు భుజముల పొడుగులు లెక్కతోనే తేలుతాయి. అలా తేలిన భుజము మీద మరొక త్రిభుజము, దాని మీద ఇంకొకటి. ఈ విధంగా వల అల్లుకుంటూ పోవచ్చును. నేల మీద నిజముగా కొలవవలసినది మొట్టమొదటి గీత ఒక్కటే. దానికి ఆధార రేఖ అని పేరు. మిగతాదంతా దుర్భిణి గల థియోడొలైటు యంత్రముతో కోణాలు చూడడమే. అయితే ఆ మొదటి గీతలో వెంట్రుకవాసి తప్పు దొర్లితే వందల మైళ్లు పోయేసరికి అది గజాలుగా పెరుగుతుంది. అందుచేత నడుమ నడుమ మళ్లీ ఒక ఆధార రేఖను నేల మీద కొలిచి, లెక్క చెప్పిన పొడుగూ గొలుసు చెప్పిన పొడుగూ కలుస్తున్నవో లేదో సరిచూసుకుంటూ పోయారు. మా సంఘములో సర్వేయరు ఉద్యోగం చేసి రిటైరైన పెద్ద ఒకరు ఉన్నారు. ఆయన ఇది విని, "మేము అరవై ఆరు అడుగుల గొలుసు లాగి పొలం కొలిచేవాళ్లం, వాళ్లు దేశాన్ని కొలిచినారు, తేడా గొలుసులో లేదు అయ్యగారూ, ఓపికలో ఉంది" అన్నారు. ఆ మాట మాకు నచ్చింది.

ఈ పనికి ఆద్యుడు విలియం లాంబ్టన్ దొర. 1799లో శ్రీరంగపట్టణం ముట్టడిలో పాల్గొన్న 33వ రెజిమెంటు అధికారి. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంటు సమీపాన ఏడున్నర మైళ్ల ఆధార రేఖ కొలవడం ప్రారంభించాడు. ఆయన వాడిన ఉక్కు గొలుసు చరిత్ర చమత్కారమైనది. నూరు అడుగుల పొడుగు, ఒక్కొక్కటి రెండున్నర అడుగుల చొప్పున నలభై కమ్ములు. దానిని చైనా చక్రవర్తికి కానుకగా బ్రిటిషు రాయబారులు తీసికొనిపోతే ఆయన పుచ్చుకోలేదు. అది చేతులు మారి కలకత్తాకు వచ్చి, చివరకు లాంబ్టన్ చేతికి చిక్కింది. ఎండకు ఉక్కు సాగుతుంది గనుక గొలుసును పెట్టెలలో పరచి, ప్రక్కనే ఉష్ణమాపకం ఉంచి, వేడి ఎంత ఉంటే అంత సవరణ వేసుకుంటూ పోయేవారు. ఇక థియోడొలైటు అర టన్ను బరువు. లండనులో విలియం కేరీ అనే పనివాడు చేశాడు. (సెరంపూరు కేరీగారు కాదు, ఆ పేరు గల మరొకరు.) అది ఓడలో వస్తుండగా ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్ ద్వీపానికి తీసికొనిపోయారు, పెట్టెలు విప్పి చూచి, ఇది యుద్ధానికి పనికివచ్చే వస్తువు కాదని మర్యాదతో తిప్పి పంపారు.

అర టన్ను యంత్రమును కొండ ఎక్కించడం ఒక పని. కొండే లేకపోతే? కావేరి డెల్టాకు వచ్చినప్పుడు లాంబ్టన్‌కు ఈ చిక్కు ఎదురైంది. వరిపొలాలు, కొబ్బరి తోటలు తప్ప ఎత్తు లేదు. అక్కడ గుడి గోపురాలే ఆయనకు కొండలైనవి. 1808లో తంజావూరు పెద్ద కోవెల మీదికి థియోడొలైటును తాళ్లతో ఎత్తుతుండగా తాడు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని, దాని వలయం వంకర పోయింది. ఇంగ్లండుకు పంపితే ఏండ్లు పడుతుంది. లాంబ్టన్ డేరాలో తలుపు వేసికొని, పనివాండ్రను దగ్గర ఉంచుకొని, ఆరు వారాల పాటు కొంచెం కొంచెంగా లాగి, కొట్టి, వలయాన్ని గుండ్రానికి తెచ్చాడు. అటుతరువాత కూడా ఏండ్ల తరబడి అదే యంత్రము పని చేసింది.

1811లో ఆయన గుత్తి వద్దకు వచ్చి మరొక ఆధార రేఖ కొలిచాడు. మద్రాసు, బెంగుళూరు, కోయంబత్తూరు, తంజావూరు, తిరునెల్వేలి తరువాత మన గుత్తి. ఆ పిమ్మట 1815లో బీదరు. కన్యాకుమారి సమీపం నుండి ఉత్తరానికి సాగిన మహారేఖలో అక్షాంశము నిర్ణయించిన స్థలాలలో నామ్థాబాదు అని ఒకటి ఆయన లెక్కలలో వస్తుంది. అది 15 డిగ్రీల 6 నిమిషాల వద్ద, అనగా గుత్తి వరుసలోనే ఉన్నది. భూమి గుండ్రముగా ఉన్నదా, ధ్రువముల వద్ద నొక్కుకొని ఉన్నదా, ఎంత నొక్కుకొని ఉన్నది అను విషయము ఐరోపా పండితులు తర్కించుకుంటున్న ఆ దినములలో, ఆ లెక్కకు మన కరువు సీమ రాళ్లు సాక్ష్యం చెప్పాయి. ఇది మన పిల్లలకు బడిలో చెప్పేవారు లేరు. చెప్పవలసినది.

మన సీమలో గోపురము కట్టవలసిన పని ఎందుకు పడలేదో గుత్తి కోట ఎక్కిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. చుట్టునున్న మైదానము మీద దాదాపు వెయ్యి అడుగుల ఎత్తున ఆ కొండ లేచి ఉన్నది. వెయ్యి అడుగుల ఎత్తు నుండి నేల వంపు అడ్డురాకుండా ముప్పై ఎనిమిది మైళ్ల దూరం చూపు పోతుంది. నేల మీద నిలబడిన ఆరడుగుల మనిషికి మూడు మైళ్లే. దేవుడు మనకు వాన తక్కువ ఇచ్చినా కొండలకు కొరత చేయలేదు. రాయదుర్గం కొండ సముద్రమట్టానికి 2,727 అడుగులు. ఇటువంటి రాతి కొండల మీద సర్వేవారు చేసిన పని చాలా స్వల్పము. బండ మీద ఉలితో ఒక చుక్క, చుట్టూ ఒక వలయం. పైన రాళ్లు పేర్చిన గుట్ట. అంతే.

గుత్తి అనగానే మరొక పేరు తలచక తప్పదు. 1800లో నిజాము మన జిల్లాలను కుంపిణీకి దత్తం చేసిన తరువాత సర్ థామస్ మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండి పొలాల పైమాషీ చేయించాడు. లాంబ్టన్ కొలత దేశానికి ఎముకల గూడు వంటిదైతే మన్రో కొలత కండ వంటిది. ఒకటి పండితుల కొరకు, రెండవది శిస్తు కొరకు. శిస్తు కొరకు చేసినదే రైతుకు తగిలింది. ఆ గొలుసు తన పొలం గట్టు మీదికి వచ్చిన దినము రైతు మరచిపోలేదు. మన్రో పిమ్మట మద్రాసు గవర్నరై, పర్యటనలో ఉండగా 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. గుత్తి కోట క్రింద దొరల సమాధుల తోటలో పాతిపెట్టారు. 1831లో ఆ అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ దేవాలయానికి మార్చారు. సరిగా ఆ సంవత్సరమే బెంగాలులో మన ఇటుక గోపురాలు లేచాయి.

లాంబ్టన్ 1823 జనవరి 20న వార్ధా సమీపాన హింగన్‌ఘాట్‌లో, పని మధ్యనే చనిపోయాడు. ఆయన స్థానానికి వచ్చినవాడు జార్జి ఎవరెస్టు. (తన ఇంటిపేరు 'ఈవ్‌రెస్టు' అని పలకాలట. ప్రపంచమంతా నేడు మరొక విధంగా పలుకుతున్నది.) ఎవరెస్టుకు మొదటి దెబ్బ తగిలినది మన తెలుగు నేల మీదనే. 1819లో కృష్ణా గోదావరి నదుల నడుమ అడవులలో పని చేయవలసి వచ్చింది. వానకాలములో దుమ్ము అణగి గాలి అద్దమువలె ఉంటుంది గనుక వానల్లోనే పని పెట్టుకున్నారు. చూపు బాగా ఆనింది గాని జ్వరము పట్టుకుంది. ఎవరెస్టుతో పాటు పరివారంలో దాదాపు అందరూ పడిపోయారు. హైదరాబాదుకు మోసికొని వస్తుండగా కొందరు దారిలోనే ప్రాణాలు విడిచారు. ఆ చనిపోయినవారు ఖలాసీలు, జెండా మోసేవారు, కూలీలు. ఎవరెస్టు పేరు హిమాలయము మీద ఉన్నది. వారి పేరు ఏ రాతి మీదా లేదు.

ఆరోగ్యం చెడి ఇంగ్లండుకు పోయిన ఎవరెస్టు 1830లో కొత్త యంత్రములతో కలకత్తాలో దిగాడు. అప్పటికి జోసెఫ్ ఆలివర్ అనే ఆయన మధ్య దేశంలోని సిరోంజ్ నుండి తూర్పుగా కలకత్తా దాకా త్రిభుజముల వరుసను తెస్తున్నాడు. ఈయన మద్రాసు సర్వే బడిలో తరిఫీదైనవాడు. ఆ వరుస కొస వద్ద సరిచూచుకోవడానికి కలకత్తాలో ఆధార రేఖ కావలసి వచ్చింది. కాని అది గంగ తెచ్చిన ఒండ్రు నేల. గులకరాయి కూడ లేదు. చెట్లు, వెదురు పొదలు, ఉదయపు మంచు చూపును మూసివేస్తాయి. ఆదికాండములో షీనారు మైదానమునకు చేరినవారు రాళ్లకు బదులు ఇటుకలు కాల్చుకున్న సంగతి మన చదువరులకు తెలిసినదే. మైదానములో ఉన్నవానికి అదొక్కటే దారి. ఎవరెస్టు కూడ ఆ దారినే పోయాడు. కలకత్తా నుండి బారక్‌పూరు పోయే తిన్నని పెద్ద రోడ్డును ఆధార రేఖగా ఎంచుకొని, దాని రెండు కొసల వద్ద, ఉత్తరాన సుఖ్‌చర్‌లో ఒకటి, దక్షిణాన పైక్‌పారాలో ఒకటి, 75 అడుగుల ఎత్తు గల ఇటుక గోపురాలు కట్టించాడు. వాటి నడుమ దూరము సుమారు ఆరున్నర మైళ్లు.

75 అడుగులు అంటే మన గుత్తి కొండ ముందు చీమ వంటిది. అయినను దాని మీద నుండి పది మైళ్లకు పైగా చూపు ఆనుతుంది. అటు ప్రక్కన అంతే ఎత్తు గోపురముంటే ఇరవై మైళ్ల దూరములో ఒకదానికొకటి కనిపిస్తాయి. ఇటువంటి గోపురముల కట్టుబడిలో పెద్ద మెలకువ ఎత్తు కాదు, కదలకుండుట. పైన నిలిచిన మనిషి అడుగు మార్చితే ఆ అదురు దుర్భిణికి తగిలి కోణము చెడుతుంది. అందుచేత ఆ తరువాత ఉత్తరాదిలో గంగా యమునల నడుమ కట్టిన గోపురములలో యంత్రము నిలిపే చోటును మనుష్యులు నిలిచే చోటు నుండి వేరు చేసి కట్టేవారు. వెదురు మంచెలు, కొయ్య స్తంభాలు కూడ వాడి చూచారు. చివరకు ఇటుక, సున్నములనే నమ్ముకున్నారు.

1831-32 చలికాలములో ఆ రోడ్డు మీద కొలత జరిగింది. ఈసారి గొలుసు లేదు. కోల్బీ అనే ఇంజనీరు కల్పించిన పది అడుగుల కమ్ములు ఆరు. ఇనుప కమ్మి, ఇత్తడి కమ్మి ప్రక్కప్రక్కన జతపరచబడి ఉంటాయి. ఎండకు ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ; ఆ రెంటి సాగుబాటు ఒకదానినొకటి కొట్టివేసే విధంగా కొసల వద్ద నాలుకలు అమర్చి, వాటి మీద పెట్టిన చుక్కల నడుమ దూరం ఏ కాలములోనూ మారకుండా చేశారు. వరుసగా డేరాల నీడలో కమ్ములు పరచి, సూక్ష్మదర్శినులతో చుక్క చుక్క కలుపుకుంటూ పోయారు. ఆ దృశ్యాన్ని జేమ్స్ ప్రిన్సెప్ బొమ్మ గీచాడు. ఈ ప్రిన్సెప్పే కొన్ని ఏండ్లకు బ్రాహ్మీ లిపిని చదివి అశోకుని శాసనముల నోరు విప్పించినవాడు. గుత్తికి చేరువనే ఉన్న ఎర్రగుడి శాసనాలు బయటపడినది చాలా కాలము తరువాత. కాని వాటిని చదవగలిగామంటే ఆయన చలువే.

అవే కమ్ములతో తరువాత డెహ్రాడూనులోనూ, సిరోంజ్‌లోనూ కొలిచారు. నాలుగు వందల మైళ్ల త్రిభుజములు దాటి వచ్చిన లెక్కకూ, నేల మీద కొలిచినదానికీ వచ్చిన తేడా ఏడంగుళాల పైచిల్లర.

మేము సెరంపూరు కళాశాల పని మీద పోయిన సందర్భములో ఈ గోపురాలను చూడడం తటస్థించింది. సెరంపూరు హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉన్నది. ఎదుటి ఒడ్డు బారక్‌పూరు. నడుమ పడవలు ఆడుతుంటాయి. మా వేదాంత విద్యార్థి దినముల నుండి సెరంపూరు అంటే మాకు కేరీ, మార్ష్‌మన్, వార్డుగార్లు. 1818లో స్థాపించిన కళాశాల. తెలుగు అక్షరాలు పోత పోసిన ముద్రాలయం. 1812 మార్చిలో ఆ ముద్రాలయం అగ్నికి ఆహుతి కాగా, మళ్లీ మొదలుపెట్టి, 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చు వేశారు. నది మీద పడవలో కూర్చున్నప్పుడు మాకు ఒక ఆలోచన వచ్చింది. కేరీగారు కన్నుమూసినది 1834 జూన్ 9న. అనగా ఆవలి ఒడ్డున సుఖ్‌చర్‌లో ఇటుకలు పేరుస్తున్న కాలానికి ఆ వృద్ధుడు ఇవతలి ఒడ్డున తన గదిలో అచ్చుప్రతులు దిద్దుకుంటూ ఉన్నాడు. ఇరువురూ ఒకే నది నీరు త్రాగారు.

బారక్‌పూరు నుండి కలకత్తా వైపు పోయే బస్సులో సుఖ్‌చర్ కొద్ది దూరమే. టికెట్టు అడిగినప్పుడు కండక్టరు "సుఖ్‌చర్ గిర్జా?" అన్నాడు. గిర్జా అంటే బెంగాలీలో చర్చి. మాకు ఉత్సాహం కలిగింది. దిగి చూస్తే చర్చి లేదు. ఇళ్ల నడుమ నుండి లేచి ఉన్నది మన గోపురమే. ఎత్తుగా, సన్నగా, దొరలు కట్టించినది గనుక ఊరివారు దానిని చర్చి గంటగోపురమని తలచి ఉందురు; ఆ పేరు బస్సు నిలుచు చోటుకు అంటుకొనిపోయింది. భూగోళ శాస్త్రము కొరకు కట్టిన దానికి దేవాలయమని పేరు రావడం, తంజావూరులో దేవాలయమునే శాస్త్రము కొరకు వాడుకోవడం, ఈ రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే నవ్వు వస్తుంది.

గోపురము నాలుగు పలకలుగా ఉండి, పైకి పోను పోను సన్నమవుతుంది. అంతస్తు అంతస్తుకూ తెరపులు ఉన్నవి. లోపలి కొయ్య మెట్లు మిగలలేదు గనుక ఎక్కి చూడడానికి వీలు లేదు. గచ్చు రాలిన చోట్ల లోపలి ఇటుక బయటపడి, సందులలో మొక్కలు వేళ్లు తన్నినవి. రావి మొక్క గోడలో పడితే ఏమవుతుందో మన పాత బంగళాలు చూచినవారికి తెలుసు. ప్రక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. ఇది దేనికి కట్టారని ఒక దుకాణదారుని అడిగితే, ఎవరో సాహేబు కట్టించినాడు అని మాత్రము చెప్పగలిగాడు. గుత్తిలో ఇక్కడ లాంబ్టన్ ఏమి చేశాడని అడిగితే మనవారు చెప్పే జవాబు ఇంతకంటె మెరుగుగా ఉండదు గనుక మేము అతనిని తప్పు పట్టలేదు.

కట్టిన కాలములో ఈ గోపురములంటే చుట్టుపక్కలవారికి గిట్టేది కాదు. ఉత్తరాదిలో తరువాత కట్టిన వాటి విషయమై మరింత గొడవ జరిగింది. ఎత్తున కూర్చొని దుర్భిణితో చూచేవానికి పెరట్లో ఘోషా ఆడవారు కనబడరా అని ఊరివారి అనుమానం. దుర్భిణిలో బొమ్మ తలక్రిందులుగా కనిపిస్తుందన్న మాట పొక్కి, మా ఆడవారిని తలక్రిందులు చేస్తున్నారన్న వదంతి కూడ పుట్టింది. ఈనాటి మనకు ఇది హాస్యముగా తోచవచ్చును గాని, కొలవడానికి వచ్చినవాడు ఎందుకు వచ్చాడో వారు పూర్తిగా పొరబడలేదు. పటము గీచిన తరువాత శిస్తు, శిస్తు వెనుక సైన్యము రావడం వారు కళ్లారా చూచినవారే. శాస్త్రమూ దొరతనమూ ఒకే బండిలో వచ్చాయి. మేము ఆ శాస్త్రాన్ని మెచ్చుకుంటూనే ఆ ఊరివారి అనుమానాన్ని కూడ గౌరవిస్తాము.

ఈ చరిత్రలో దొరల పేర్లతో పాటు నిలువవలసిన మన పేర్లు కొన్ని ఉన్నవి. ఇంగ్లండు నుండి వచ్చిన యంత్రపు పనివాడు వెళ్లిపోయిన తరువాత ఎవరెస్టు తన యంత్రాల మరమ్మతును ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్ చేతిలో పెట్టాడు. కలకత్తా బాలుడు రాధానాథ్ సిక్దార్ 1831లో లెక్కలు కట్టేవానిగా చేరాడు. హిమాలయములలో పదునైదవ శిఖరమని గుర్తు పెట్టిన దాని ఎత్తు తేల్చిన లెక్కలతో ముడిపడిన పేరు ఆయనది. 1856లో 29,002 అడుగులని ప్రకటించారు, 1865లో దానికి ఎవరెస్టు పేరు పెట్టారు. సిక్దార్ 1870లో సెరంపూరుకు ఎగువనున్న చందన్‌నగర్‌లో చనిపోయాడు.

ఇదంతా పాత కథ అని కొట్టివేయడానికి మన ప్రాంతములో వీలు లేదు. రాయదుర్గం తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలోనిది. ఆ సంవత్సరము అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు రాయదుర్గం అనంతపురం జిల్లాకు వచ్చింది, బళ్లారి మైసూరుకు పోయింది. ఒకే జిల్లాలోని తాలూకా గీత రెండు రాష్ట్రాల పొలిమేర అయింది. ఓబుళాపురం వద్ద ఇనుప గనుల త్రవ్వకములలో ఆ పొలిమేర గుర్తులు చెరిగిపోగా, తగవు సుప్రీం కోర్టు దాకా వెళ్లి, 2010లో సర్వే ఆఫ్ ఇండియా వారిచేత కొలిపించవలసి వచ్చింది. ఏ సంస్థకు లాంబ్టన్, ఎవరెస్టులు ఎముకల గూడు కట్టి ఇచ్చారో ఆ సంస్థ వారే. కొండ మీద ఒక రాయి కదిలితే క్రింద ఎన్ని ఇళ్లు కదులుతాయో మనకంటె బాగా తెలిసినవారు ఎవరు? 2020 డిసెంబరులో మన రాష్ట్రములో మొదలైన భూముల రీసర్వేలో ఉపగ్రహ సంకేతాలు, డ్రోన్లు వాడారు. గొలుసు పోయింది. కాని రీసర్వే వాడు వచ్చిన దినాన గట్టు మీద నిలబడిన మా సంఘపు రైతుల ముఖాలు మేము చూచాము. మన్రో కాలపు రైతు ముఖము కూడ అలాగే ఉండి ఉంటుంది.

చూడగోరేవారి కొరకు రెండు మాటలు. మన కొండలెక్కినప్పుడు శిఖరము మీద వలయములో చుక్క చెక్కిన బండ కనబడితే అది సర్వే గుర్తు అని తెలిసికొనవలెను. పిల్లలు దానిమీది రాళ్లగుట్టను పడద్రోయకుండా చూడవలెను. పాత రైలు స్టేషన్ల అరుగుల మీద, కొన్ని పాత చర్చీల మెట్ల మీద జి.టి.ఎస్., బి.ఎం. అని ఆంగ్లాక్షరాలు చెక్కి ఉంటాయి. అవి త్రిభుజములవి కావు, ఎత్తు లెక్కించుటకు పెట్టినవి. మెట్లు మరమ్మతు చేయించే కమిటీవారు సిమెంటుతో వాటిని పూడ్చివేయకుండుట మంచిది. గుత్తి కోటకు ఉదయమే ఎక్కాలి, నీళ్లు వెంట తీసికొని పోవాలి. కొండ అంచున మొరారిరావు కూర్చునేవాడని చెప్పే గచ్చు మంటపము నుండి ఉత్తరానికి చూస్తే లాంబ్టన్ ఎందుకు ఇక్కడికి వచ్చాడో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. దిగేటప్పుడు దొరల సమాధుల తోట చూడవచ్చును.

కలకత్తా పోయేవారు సెరంపూరు చూచుకొని, నది దాటి, మొదట సుఖ్‌చర్ గోపురము, పిదప అదే రోడ్డున దక్షిణానికి వచ్చి పైక్‌పారా గోపురము చూస్తే వరుసగా ఉంటుంది. అప్పుడు మీ బస్సు నడిచిన దారియే ఎవరెస్టు ఆధార రేఖ. డేరాలు, కమ్ములు, సూక్ష్మదర్శినులతో ఒక చలికాలము పట్టిన ఆ ఆరున్నర మైళ్లకు, లారీలూ రిక్షాలూ అడ్డుపడుతుండగా, మాకు సుమారు గంట పట్టింది.